ఆమెకు గుర్తులేని రోజులు ఎవరు రాయాలి?

ఐసియు డైరీ అనే మాట మన దగ్గర ఇంకా కొత్తే. స్పృహ లేకుండా వెంటిలేటరు మీద ఉన్న మనిషి కోసం పక్కనున్నవాళ్ళు రోజూ ఒక పుస్తకంలో రాస్తారు. ఇవాళ నీకు జ్వరం తగ్గింది, మధ్యాహ్నం గొంతులో గొట్టం మార్చారు, పెద్దాడు వచ్చి నీ చెయ్యి పట్టుకుని కూచున్నాడు, బయట వాన పడుతోంది - ఇలా సాదా మాటల్లో, ఆ మనిషినే ఉద్దేశించి. ఫొటోలు కూడా అంటిస్తారు. కోలుకున్నాక ఆ పుస్తకం రోగి చేతిలో పెడతారు. యూరప్‌లో నలభై ఏళ్ళుగా నడుస్తున్న ఈ పద్ధతి గురించి మన దేశపు వైద్య పత్రికలు, నర్సింగ్ సదస్సులు కూడా మాట్లాడుతున్నాయి. దాని వెంట ఎప్పుడూ ఒక మాట వస్తుంది. అది కుటుంబం ప్రేమ.

ప్రేమ పేరు పెట్టి ఒక పని మన ముందుకు తెచ్చినప్పుడు ఆ పని ఎవరు చేస్తారు, దానివల్ల ఎవరి మాట చెల్లుబాటవుతుంది అని అడగడం స్త్రీల ఉద్యమంలో మనం నేర్చుకున్న మొదటి పాఠాల్లో ఒకటి. వంటని అలా అడిగాం, పిల్లల పెంపకాన్ని అడిగాం, ముసలివాళ్ళ సేవని అడిగాం. ఈ డైరీని కూడా అడగాలి. నేను దీనికి వ్యతిరేకిని కాను. నా పేచీ అంతా "కుటుంబ సభ్యులు రాస్తారు" అన్న చోట. ఆ పుస్తకం రోగిది. దాన్ని కుటుంబం చేతికి, అందులోనూ మన కుటుంబాల చేతికి, ఏ షరతూ లేకుండా అప్పగించడానికి ఒప్పుకోకూడదని నా వాదన.

ముందు ఇది ఎందుకు పుట్టిందో చూద్దాం. ఐసియు అనేదే డెన్మార్క్‌లో పుట్టింది. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో మహమ్మారి వచ్చినప్పుడు ఊపిరాడని రోగులకి గొంతు దగ్గర రంధ్రం చేసి, రబ్బరు సంచీ నొక్కుతూ చేత్తో గాలి అందించారు. ఆ పద్ధతిలో మొదట బతికించింది 12 ఏళ్ళ ఆడపిల్లని. దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూచుని నెలల తరబడి ఆ సంచీలు నొక్కారు. అంటే ఐసియు మొదలైన రోజు రోగి పక్కన యంత్రం లేదు, మనిషి ఉన్నాడు. తర్వాత యంత్రాలొచ్చాయి, మత్తుమందులొచ్చాయి. బతికేవాళ్ళు పెరిగారు. బతికి ఇంటికెళ్ళినవాళ్ళలో చాలామంది నిద్రపోలేకపోతున్నారని, గోడవైపు తిరిగి పడుకుంటున్నారని, పదిరోజులో ఇరవైరోజులో జీవితంలోంచి ఎవరో చించేసినట్టుగా ఉందని చెబుతున్నారని డాక్టర్లకన్నా ముందు కనిపెట్టింది నర్సులు. 1980లలో డెన్మార్క్, స్వీడన్, నార్వేల్లో నర్సులు మొదలుపెట్టిన పని ఈ డైరీ. ఏ ప్రొఫెసరూ కనిపెట్టలేదు, ఏ కంపెనీ అమ్మలేదు. రాత్రి డ్యూటీలో ఉన్న ఆడవాళ్ళు, తాము చూస్తున్నది రోగికి చెప్పాలనుకుని రాసుకున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇప్పుడు ప్రచారంలో నర్సు పక్కకి జరిగిపోయి కుటుంబం ముందుకొచ్చింది. అది ఊరికే జరగలేదు. నర్సు గంటకి జీతం ఇవ్వాలి. కుటుంబంలోని స్త్రీ గంటకి ఏమీ ఇవ్వక్కర్లేదు.

ఖాళీ అయిన ఆ రోజుల్లో ఏముంటుంది? ఏమీ ఉండదనుకుంటే పొరపాటు. మత్తు, జ్వరం, నిద్రలేమి కలిసి సన్నిపాతం లాంటి స్థితి వస్తుంది. నర్సు తనకి విషం ఎక్కిస్తోందని, ఎవరో ఎత్తుకొచ్చి బంధించారని, పక్కమంచం మీద శవాలు లేచి కూచున్నాయని రోగులకి స్పష్టమైన జ్ఞాపకాలు మిగులుతాయి. అవి కల లాగా చెదిరిపోవు. నిజమైన జ్ఞాపకాలకన్నా గట్టిగా ఉంటాయి. దానికి తోడు చేతులు మంచానికి కట్టేసి ఉంటారు, మూత్రానికి గొట్టం వేసి ఉంటారు, తెలియని చేతులు ఒళ్ళు తుడుస్తుంటాయి. డైరీ చేసే మేలల్లా ఆ భయంకరమైన దృశ్యానికి ఒక తేదీ, ఒక కారణం అందించడం. చేతులు కట్టింది నువ్వు గొట్టం పీకేసుకోబోయావని, ఆ తెల్లచీర మనిషి ఫిజియోథెరపీకి వచ్చిందని.

దీనివల్ల ఎంత ఉపయోగం? 2010లో వచ్చిన ఒక అధ్యయనం ఆరు యూరప్ దేశాల్లో 12 ఐసియుల్లో 352 మందిని పరిశీలించింది. డైరీ అందుకున్నవాళ్ళలో కొత్తగా తీవ్రమైన మానసిక ఆఘాత రుగ్మత వచ్చినవాళ్ళు 5 శాతం, అందుకోనివాళ్ళలో 13 శాతం. అందరూ దీన్నే చెబుతారు. 2019లో ఫ్రాన్స్‌లో 35 ఐసియుల్లో 657 మంది రోగులతో చేసిన ఇంకా పెద్ద పరిశోధనలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ సంగతి తక్కువమంది చెబుతారు. మన చర్చకి అన్నిటికన్నా పనికొచ్చేది 2020లో డెన్మార్క్ నుంచి వచ్చింది. అందులో డైరీ రాసింది కుటుంబ సభ్యులే. రోగుల ఆఘాత లక్షణాల్లో తేడా లేదు. రాసిన బంధువుల్లో మాత్రం ఆ లక్షణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి.

దీన్ని సూటిగా చదువుదాం. కుటుంబం రాసే డైరీ వల్ల తేలిన మేలు రాసేవాళ్ళకి. అది చిన్న విషయమని నేననను. ఐసియు బయట కూచున్నవాళ్ళ మనసు కూడా దెబ్బతింటుందని 2012 నుంచి వైద్యులే దానికొక పేరు పెట్టి గుర్తిస్తున్నారు. ఆ కూచున్న మనిషి సాధారణంగా ఎవరో మనకి తెలుసు. కానీ రాసేవాళ్ళ ఓదార్పుకి రాసిన పుస్తకాన్ని రోగికి మందు అని పేరుపెట్టి ఇస్తున్నాం. మంచం మీద ఉన్నది ఆమె అయినప్పుడు, రాసేది ఆమె అత్తిల్లయినప్పుడు, ఈ తికమక ఎక్కడికి దారితీస్తుంది?

మంచం పక్కన రాసే రాతకి మన దగ్గర ఒక పాత చరిత్ర ఉంది. దాని పేరు మరణ వాంగ్మూలం. 1980లలో మన సంఘాల స్త్రీలు కాలిన గాయాల వార్డుల చుట్టూ తిరిగింది దీనికోసమే. ఎనభై శాతం కాలిన పిల్ల మేజిస్ట్రేటు ముందు "స్టౌ పేలింది" అని చెబుతుంది. అదే పిల్ల తల్లి వచ్చాక ఇంకో మాట చెబుతుంది. మొదటిసారి మాట్లాడినప్పుడు తలగడ పక్కన ఎవరున్నారు? భర్త ఉన్నాడు. చంటిబిడ్డని ఎత్తుకుని అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. ఆ బిడ్డ రేపు ఎవరి చేతిలో పెరగాలో మంచం మీదున్న మనిషికి తెలుసు. ఒకే స్త్రీ చెప్పిన రెండు మూడు వాంగ్మూలాల్లో ఏది నమ్మాలో, ఎవరు నేర్పితే ఏది చెప్పిందో తేల్చడానికి కోర్టులు దశాబ్దాలుగా తలలు పట్టుకుంటున్నాయి. 1983లో 498ఎ వచ్చినా, 1986లో వరకట్న చావుల మీద 304బి వచ్చినా, 2024 జూలై నుంచి వాటి నంబర్లు మారి కొత్త సంహితలోకి వెళ్ళినా, తలగడ పక్కన ఎవరు నిలబడ్డారన్న ప్రశ్న మారలేదు. వాంగ్మూలం విషయంలో చట్టం కనీసం ఈ ప్రమాదాన్ని గుర్తించింది. రోగి మాట్లాడే స్థితిలో ఉందా అని చూడమంటుంది, ఎవరైనా చెప్పించారా అని అడగమంటుంది. ప్రేమ పుస్తకం విషయంలో ఎవరూ అడగరు.

ఇవాళ కాలిన కేసులకన్నా విషం తాగిన కేసులు మన ఐసియుల్లో ఎక్కువ కనిపిస్తాయి. పురుగుమందు తాగితే రోజులు, వారాల తరబడి వెంటిలేటరు. జుట్టుకు వేసుకునే రంగు తాగిన ఆడపిల్లల గురించి తిరుపతి, కర్నూలు వైద్యులు పత్రికల్లో రాస్తూనే ఉన్నారు. మెడ వాచి ఊపిరాడదు, గొంతుకి రంధ్రం చెయ్యాలి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందులో ఎక్కువమంది చిన్నవయసు స్త్రీలే. ఈ పిల్ల బతికిందనుకుందాం. పన్నెండు రోజుల తర్వాత కళ్ళు తెరిచింది. ఏం జరిగిందో సగం గుర్తుంది, సగం లేదు. ఆమె చేతిలో ఒక పుస్తకం పెడతారు. అందులో భర్త చేతిరాత. నువ్వు పొరపాటున ఏదో తాగేశావు, మేమంతా నీకోసం ఏడుస్తున్నాం, అమ్మ రోజూ గుడికెళ్ళి ప్రదక్షిణలు చేస్తోంది, నీ వైద్యానికి పొలం తాకట్టు పెట్టాం, నువ్వు లేచి రావాలి. ఇందులో ప్రతి వాక్యం నిజమే కావచ్చు. అతను నిజంగానే ఏడ్చి ఉండొచ్చు. కొట్టినవాళ్ళు కూడా ఏడుస్తారు. కానీ ఆ పుస్తకంలో ముందురోజు రాత్రి ఏం జరిగిందో ఉండదు. ఆమె కథ ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలవుతుంది. గుమ్మానికి ఇవతల ఉన్నదంతా చెరిగిపోతుంది. పైగా తాకట్టు పెట్టిన పొలం ఆమె మెడకి చుట్టుకుంటుంది. ఇంత చేసినవాళ్ళ మీద ఇప్పుడు కేసు పెడతావా అని పుట్టింటివాళ్ళే అడుగుతారు.

జ్ఞాపకం పోయిన మనిషికి జ్ఞాపకాన్ని తయారుచేసి ఇవ్వడం చాలా పెద్ద అధికారం. సాధారణ పరిస్థితుల్లో భార్యకీ భర్తకీ జరిగినదాని మీద రెండు కథనాలుంటాయి, వాటి మధ్య పోట్లాట ఉంటుంది. ఐసియు నుంచి లేచినదానికి ఆ పోట్లాటకి సరంజామా లేదు. ఉన్నది ఒకటే కథనం, అదీ ఆసుపత్రి ముద్రతో, నర్సు చేతుల మీదుగా వచ్చింది.

దీనికన్నా చిక్కు ప్రశ్న ఇంకొకటుంది. రోగి లేచి "నామీద చెయ్యి వేశారు" అంటుంది. వైద్యగ్రంథాలు ఇలాంటి జ్ఞాపకాలని భ్రమల జాబితాలో చేరుస్తాయి. మూత్రపు గొట్టం, స్పాంజి స్నానం, కట్టేసిన చేతులు - మత్తులో ఉన్న మనసు వీటినే అత్యాచారంగా గుర్తుపెట్టుకుంటుందని చెబుతాయి. చాలాసార్లు అది నిజమే. డైరీ ఉంటే ఆ మనిషికి ఎంతో ఊరట కూడా. కానీ ఎప్పుడూ నిజమేనా? 2025 ఏప్రిల్‌లో గురుగ్రామ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసియులో వెంటిలేటరు మీద ఉండగా తనపై లైంగిక దాడి జరిగిందని ఒక స్త్రీ ఫిర్యాదు చేస్తే పోలీసులు ఆ ఆసుపత్రి టెక్నీషియన్ ఒకరిని అరెస్టు చేశారు. ఆమె మాట్లాడలేని స్థితిలో ఉండి కూడా చూసింది, విన్నది, గుర్తుపెట్టుకుంది. రేపు ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు ఆసుపత్రి వకీలు డైరీ తెరిచి, చూడండి, ఆ రోజు అంతా ప్రశాంతంగా గడిచిందని సొంత చెల్లెలే రాసింది అంటే? చెల్లెలు చూసింది సాయంత్రం అయిదు నుంచి అయిదుంబావు దాకా. మిగతా ఇరవై మూడు గంటల ముప్పావు గురించి ఆమెకి తెలిసింది కౌంటరు దగ్గర చెప్పిందే.

ఈ అయిదు నుంచి అయిదుంబావు సంగతి కొంచెం ఆగి చూడాలి. యూరప్ ఐసియుల్లో కుటుంబం రాయగలుగుతుందంటే వాళ్ళు గంటలకొద్దీ మంచం పక్కన కూచోగలుగుతారు కాబట్టి. మన దగ్గర ఐసియు అంటే మూసిన తలుపు. బయట హాలు. ఏ పెద్దాసుపత్రికైనా వెళ్ళండి, చాపలు, ఫ్లాస్కులు, టిఫిను డబ్బాలు, ఫోను ఛార్జింగు పెట్టుకునే ఒక్క ప్లగ్గు చుట్టూ పదిమంది. "ఫలానా పేషెంటు తాలూకు ఎవరమ్మా?" అని సెక్యూరిటీ అతను అరుస్తాడు. మందుల చీటీ అయితే ఆడమనిషి లేచి పరిగెత్తుతుంది. డాక్టరు మాట్లాడాలంటే మాత్రం "మగవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. రాత్రింబవళ్ళు ఆ చాప మీద ఉన్న భార్యని పక్కనబెట్టి, ఊరినుంచి అప్పుడే బస్సు దిగిన మరిదికి ఊపిరితిత్తుల పరిస్థితి వివరిస్తారు. సంతకం అతనే పెడతాడు. ఆ తర్వాత ఆమె అతన్ని అడిగి తెలుసుకుంటుంది, అతను చెప్పదలిస్తే. 2020, 2021 కోవిడ్ నెలల్లో ఈ తలుపు పూర్తిగా మూసుకుంది. పీపీఈ తొడుక్కున్న ఏ నర్సో జాలిపడి తన ఫోను రోగి ముఖం ముందు పెడితే అదే చివరి చూపు అయినవాళ్ళు మనలో ఎంతమంది లేరు.

అయినా మన ఆడవాళ్ళు రాస్తూనే ఉన్నారు. ఇది మన పరిశోధకులెవరూ పట్టించుకోని డైరీ. పిల్లాడి పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలు. ఆసుపత్రి హాళ్ళలో స్త్రీలతో మాట్లాడినప్పుడు నేను చూసినవాటిలో ఉన్నవి కట్టిన అడ్వాన్సులు, తెచ్చిన మందుల ఖరీదు, రక్తం ఇచ్చినవాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చిందీ. ఆ లెక్కల మధ్యలో అక్కడక్కడా ఒక ముక్క: ఇవాళ కళ్ళు తెరిచాడని సిస్టరు చెప్పింది. డాక్టరు చెప్పలేదు. ఈ పుస్తకాన్ని ఎవరూ ప్రేమ అనరు. రోగి లేచాక అతనికి బహూకరించరు కూడా. అందులో ఉన్నది అప్పు. కానీ ఆసుపత్రి బిల్లుని ప్రశ్నించాల్సి వచ్చినప్పుడు, ఫలానా తేదీన ఆ ఇంజెక్షన్ మేం తెచ్చిందే, మళ్ళీ బిల్లులో ఎందుకు వేశారు అని అడగాల్సి వచ్చినప్పుడు, బయటికొచ్చేది ఆ పుస్తకమే. అందమైన అట్టతో, పూలబొమ్మలతో డైరీ అచ్చువేసి "మీ ఆత్మీయుడికి మీ మాటల్లో" అని చేతికిచ్చే ఆసుపత్రి ఈ నోటుపుస్తకాన్ని చూస్తే చిరాకుపడుతుంది. నాకైతే ఇదే అసలు ఐసియు డైరీ. ఇందులో రాసే మనిషికి ఒక హోదా ఉంది. ఆమె నిఘా వేస్తోంది.

మగవాడు మంచం మీద ఉన్నప్పుడు భార్య రాస్తుంది, తల్లి రాస్తుంది, కూతురు రాస్తుంది. ఆమె మీద ఇప్పటికే ఉన్న పనులు, అంటే ఇల్లు, పిల్లలు, అప్పు, అత్తగారి మందులు, వాటికి ఇదొకటి చేరుతుంది. రాయకపోతే ప్రేమ లేనట్టు. రాయడంలో కూడా ధైర్యమే రాయాలి, కోపం రాయకూడదు. తాగి బండి నడిపి పడ్డవాడికి "నువ్వు తాగావు" అని రాయగలదా? ఆ మాట రాసిన పుస్తకం అతను లేచాక చదివితే? రోగి మనసు నొప్పించే విషయాలు రాయకండి అని సూచనల్లోనే ఉంటుంది. అంటే మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఎప్పుడూ చేసే పనినే, మగవాడి గురించి మగవాడికి నచ్చే కథ చెప్పడాన్నే, ఇక్కడ వైద్యం అంటున్నారు.

మరి నర్సులు? ఈ పని పుట్టిందే వాళ్ళ చేతుల్లో అన్నాను. వెంటిలేటరు రోగికి ఒక నర్సు ఉండాలన్నది నియమం. నైట్ డ్యూటీలో ఒక్కరు ఎంతమందిని చూస్తున్నారో ఏ నర్సుని అడిగినా చెబుతుంది. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక వేసిన కమిటీ, యాభై పడకల లోపు చిన్న ఆసుపత్రుల్లో కూడా నర్సు జీతం 20,000కి తగ్గకూడదని సిఫారసు చేసింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా మన పట్టణాల నర్సింగ్ హోముల్లో అందులో సగం ఇచ్చేవాళ్ళున్నారు. ఇచ్చిన జీతానికి చెయ్యాల్సిన పనే ఊపిరాడనివ్వనప్పుడు ఆమెని కూచుని ఒక పేజీ రాయమనడం ఎగతాళి. డైరీ కావాలనుకునే మనం ముందు అడగాల్సింది నర్సుల సంఖ్య. నర్సుల సంఘాల డిమాండ్ల పక్కన మన సంతకం లేకుండా ఈ డైరీ గురించి మాట్లాడటం సిగ్గుచేటు.

మన మిత్రుల్లో కొందరి అభ్యంతరం వేరు. జిల్లా ఆసుపత్రిలో వెంటిలేటరే దొరక్క అంబులెన్సులో చచ్చిపోతుంటే డైరీ ఏమిటి, ఇది డబ్బున్నవాళ్ళ ముచ్చట అంటారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఈ తర్కాన్ని మనం ఇదివరకు విన్నాం. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగానికి స్త్రీలని పోగేసినప్పుడు, వాళ్ళకి అదేమిటో చెప్పారా అని స్త్రీశక్తి సంఘటన నిలదీస్తే, పేద స్త్రీలకి కావలసింది సౌకర్యం, సమాచారం కాదు అన్నట్టు మాట్లాడినవాళ్ళున్నారు. ఆ మరుసటి సంవత్సరం మన సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. మంచమూ కావాలి, మంచం మీద నా ఒంటికి ఏం చేశారో నాకు తెలియడమూ కావాలి. రెండోదాన్ని మొదటిది దొరికాక చూద్దాం అని వాయిదా వేస్తే అది ఎప్పటికీ రాదు.

పైగా ఇది చట్టంలో లేని కోరికేం కాదు. సమీరా కోహ్లీ కేసు గుర్తుందా? 1995లో పరీక్ష కోసం మత్తులో ఉన్న స్త్రీకి, బయట కూచున్న తల్లి సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008లో సుప్రీంకోర్టు ఆ సంతకం చెల్లదంది. ప్రాణం మీదికి రాని పరిస్థితిలో, మేజరయిన స్త్రీ స్పృహలోకి వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి, తల్లయినా ఆమె తరఫున ఒప్పుకోలేదు అంది. శరీరం విషయంలో తల్లి సంతకమే చెల్లనప్పుడు జ్ఞాపకం విషయంలో భర్త చేతిరాత ఎందుకు ప్రశ్న లేకుండా చెల్లాలి? అలాగే 2002 వైద్యమండలి నియమాల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం కేసు కాగితాలు, సమాచారం, గౌరవం, మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు ఇంకో స్త్రీ తోడు ఉండటం, వీటన్నిటినీ హక్కులుగా రాసింది. ఐసియు మంచం మీదున్న స్త్రీకి ఈ తోడు ఎవరు, ఎన్ని గంటలు? డైరీ రాసే మనిషికి లోపలికి ప్రవేశం కావాలని మనం పట్టుబట్టాల్సింది ఈ హక్కు కింద. ఓదార్పు కింద అడిగితే పావుగంటే ఇస్తారు. డైరీ ఇచ్చాం కదా అని కేసు షీటు దాచే ఆసుపత్రిని మాత్రం అస్సలు వదలకూడదు.

అయితే ఎవరు రాయాలి? ఆమె ఎవర్ని రాయమంటే వాళ్ళు. ఆపరేషన్‌కి వెళ్ళే మనిషి ముందే చెప్పగలదు. అకస్మాత్తుగా పడిపోయినదాని విషయంలో నర్సు రాయాలి, లోపల జరిగింది రాయాలి. ఇంట్లోవాళ్ళు రాస్తే రాసినవాళ్ళ పేరు, చుట్టరికం, సమయం ఉండాలి. విషం, కాలిన గాయాలు, దెబ్బల కేసుల్లో, పోలీసు కేసు నమోదైన ప్రతి కేసులో, అత్తింటివాళ్ళకి ఆ పుస్తకం ఇవ్వకూడదు. పుస్తకం నర్సు దగ్గర తాళంలో ఉండాలి. లేచిన తర్వాత చదవాలో వద్దో, ఎప్పుడు చదవాలో, ఎవరి ముందు చదవాలో ఆమె ఇష్టం. డెన్మార్క్, స్వీడన్లలో పుస్తకం ఇచ్చేటప్పుడు నర్సు పక్కన కూచుని మాట్లాడుతుంది. మన దగ్గర ఆ పక్కన కూచోవలసిన మనిషిని తయారుచెయ్యడం మన సంస్థల పని. అవసరమైతే సఖి కేంద్రాల కౌన్సెలర్లకి నేర్పించాలి.

కుటుంబం అనే మాటని కూడా విప్పాలి. అరుణా షాన్‌బాగ్‌ని 1973లో కెఇఎం ఆసుపత్రిలో వార్డుబోయ్ దాడి చేసి మంచాన పడేస్తే, 2015లో చనిపోయేదాకా 42 ఏళ్ళు సాకింది ఆ ఆసుపత్రి నర్సులు. 2011 తీర్పులో సుప్రీంకోర్టు ఆమెకి అసలైన ఆప్తులు ఆ సిబ్బందే అంది. ఆ కేసులో దయామరణం మీద మనలో భిన్నాభిప్రాయాలుండొచ్చు. కానీ రక్తసంబంధం, పెళ్ళి ఉంటేనే ఆప్తులు అన్న లెక్క అక్కడ చెదిరింది. ఒంటరి స్త్రీలు, ఇద్దరు స్త్రీలు కలిసి ఉంటున్న ఇళ్ళు, హిజ్రాల గురు చేలాలు - వీళ్ళని ఐసియు కౌంటరు దగ్గర "మీరేమవుతారు?" అని అడిగి వెనక్కి పంపుతారు. పాతికేళ్ళు కలిసి బతికిన మనిషి గేటు బయట ఉంటుంది. పదేళ్ళుగా మాట్లాడని అన్న లోపల సంతకం పెడతాడు. డైరీ రాసే హక్కు అతనికా?

చదువురాని స్త్రీల సంగతి అడుగుతారు. ఫోనులో మాట్లాడి రికార్డు చేస్తే సరిపోతుంది, ఇవాళ అది రాని స్త్రీ అరుదు. అయినా అక్షరం విషయంలో మన ఆడవాళ్ళని తక్కువ అంచనా వెయ్యకండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం చదువులు చదివిన స్త్రీలు 1992కల్లా సారా దుకాణాలు మూయించారు. నోటుపుస్తకంలో అప్పుల లెక్క రాయగలిగిన మనిషి ఏ మందు ఎప్పుడు ఎక్కించారో రాయలేదా?

నాకే తేలని విషయం ఒకటి మిగిలింది. మెడికో లీగల్ కేసుల్లో నర్సు రాసిన ఈ డైరీని కోర్టు రప్పించుకోవచ్చు. స్పృహ వచ్చీరాకుండా ఆమె గొణిగిన మాటలు అందులో ఉంటే అవి ఆమెకి సాయపడతాయా, ఎదుటి వకీలు వాటిని పట్టుకుని సంధి మాటలని కొట్టిపారేస్తాడా? ఆమె దాచుకోవాలనుకున్నది బయటపడితే ఎవరిది బాధ్యత? ఇలాంటి కేసులు నడిపిన న్యాయవాద మిత్రులు, ఐసియుల్లో పనిచేస్తున్న నర్సులు ఈ రెండు ప్రశ్నల మీద వచ్చే సంచికకి రాయాలి.